పాత ఇంగ్లీషు రాజకీయ పాట చేతికొస్తే ముందు వరస వెతకండి

భజన పుస్తకాలు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పాట పైన చిన్న అక్షరాల్లో ఫలానా సినిమా పాట వరస అని వేస్తారు. స్వరాలుండవు, తాళం గుర్తులుండవు. ఆ సినిమా పాట తెలిసినవాడు పుస్తకం పట్టుకుని పాడేస్తాడు, చదవడం రానివాడు పక్కన నిలబడి రెండో చరణానికల్లా గొంతు కలుపుతాడు. 16, 17 శతాబ్దాల లండన్‌లో రాజకీయం పాటగా అచ్చయి వీధుల్లో అమ్ముడుపోయింది అచ్చం ఈ పద్ధతిలోనే. ఒక్క కాగితం, ఒక వైపే అచ్చు, పైన ఒకట్రెండు బొమ్మలు, పేరు కింద 'ఫలానా పాట వరసలో' అని ఒక లైను. దీన్నే బ్రాడ్‌సైడ్ బల్లాడ్ అంటారు. ధర అర పెన్నీ నుంచి ఒక పెన్నీ. అప్పట్లో దక్షిణ ఇంగ్లండ్‌లో మామూలు కూలివాడి రోజు కూలి 8 నుంచి 12 పెన్నీలు, కాబట్టి మరీ చవక కాదు, అలాగని అందని వస్తువూ కాదు.

ఇప్పుడు ఈ కాగితాలు వేలకొద్దీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా వాళ్ళు నడిపే ఇంగ్లిష్ బ్రాడ్‌సైడ్ బల్లాడ్ ఆర్కైవ్ ఒకటి, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీ వాళ్ళది ఇంకొకటి. ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. కానీ కాగితం చూడటం వేరు, దాన్ని ఎవరు విన్నారు, విని ఏం చేశారు అన్నది పట్టుకోవడం వేరు. ఈ రెండో పని ఎలా చేయాలో చెప్తాను, ముందు నేను చేసిన తప్పుతో మొదలుపెట్టి.

'ప్రపంచం తలకిందులైంది' అని అర్థం వచ్చే పేరుతో 1646 నాటి పాటొకటి ఉంది. ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం నడుస్తున్న కాలం. పేరు చూడగానే ఇదేదో పేదవాళ్ళు దొరల మీద తిరగబడిన విప్లవ గీతం అనుకున్నాను, నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను కూడా. చదివితే మొత్తం క్రిస్మస్ గోల. పార్లమెంటు పక్షంలోని ప్యూరిటన్లు, అంటే మతం విషయంలో మహా పట్టింపున్న ప్రొటెస్టెంట్లు, క్రిస్మస్ పండగ వద్దన్నారు, పాట దాని మీద ఏడుపు. నేజ్‌బీ యుద్ధంలో క్రిస్మస్ చచ్చిపోయింది, దానధర్మాలు కూడా ఆ పూటే పోయాయి, కాల్చిన గొడ్డుమాంసానికీ బాతుకీ పందికీ ఎవరూ ప్రాణభిక్ష పెట్టలేదు, ఇలా సాగుతుంది. సరే, పండగ భోజనం పోయిందని సరదాగా ఏడుస్తున్నారు అనుకుని వదిలేద్దామనుకున్నాను.

అప్పుడు పేరు కింద లైను చూశాను. రాజు మళ్ళీ తన సొత్తు తాను అనుభవించేదాకా, అనే పాట వరస అని ఉంది. ఆ అసలు పాట 1643లో మార్టిన్ పార్కర్ రాసింది, రాజు పక్షం వాళ్ళ నోట్లో నానిన పాట. పంచాంగాలు రాసే జాన్ బుకర్ ఏం జోస్యం చెప్పినా సరే, రాజు తిరిగొచ్చేదాకా ఏదీ బాగుపడదు అని దాని సారాంశం. ఇప్పుడు ఈ క్రిస్మస్ పాటని ఆ వరసలో పాడితే ఏమవుతుంది? నోటితో పైకి 'అయ్యో పండగ పోయింది, సర్దుకుపోదాం' అంటున్నా, విన్నవాడి చెవిలో పాత పల్లవి మోగుతూనే ఉంటుంది. ఆ లైను ఎవరూ పలకరు, పలికే అవసరమూ లేదు. 1645 జూన్‌లో నేజ్‌బీలో రాజు సైన్యం చిత్తయింది, 1646 మేలో రాజు వెళ్ళి స్కాట్లండ్ సైన్యానికి లొంగిపోయాడు, ఈ పాట అచ్చయింది దానికి కొన్ని వారాల ముందు. అలాంటి సమయంలో 'రాజు తిరిగి రావాలి' అని పైకి అనకుండా అనడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఉండదు. నా నోట్‌బుక్‌లో విప్లవ గీతం కొట్టేసి రాచపక్షం అని రాసుకోవాల్సి వచ్చింది.

అందుకని మొదటి పని, సాహిత్యం చదవకముందే వరస వెతకండి. శాంటా బార్బరా ఆర్కైవ్‌లో వరస పేరు మీద కూడా వెతకొచ్చు, చాలా పాటలకి పాడి రికార్డు చేసిన ఆడియో ఉంటుంది. ముందు ఆడియో విని, తర్వాత అదే వరసలో అంతకుముందు వచ్చిన పాటలు రెండు మూడు తెరిచి చూడండి. ఉరితీతల పాటలకి వాడే వరస ఒకటుంది, 'అదృష్టమా నా శత్రువా' అని మొదలయ్యే పాటది. నేరస్థుడు ఉరికంబం దగ్గర పశ్చాత్తాపపడే పాటలు దాని మీద బోలెడు వచ్చాయి, కాబట్టి ఒక మంత్రి మీద పాటని ఆ వరసలో కట్టారంటే కవి నోరు విప్పకుండానే తీర్పు చెప్పేశాడని అర్థం. ఒక్కోసారి వరసకి ఏ అర్థమూ ఉండదు, జనానికి తెలుసు కాబట్టి వాడారంతే, అన్నిట్లోనూ గూఢార్థం వెతికితే మీకే తలనొప్పి. అసలు పాటలోని పదాలు కొత్త పాటలో ఎక్కడైనా తొంగిచూస్తున్నాయా అని చూడండి. చూస్తుంటే కావాలని చేసిన పని.

తర్వాత అక్షరాలు చూడండి, అర్థం కోసం కాదు, ఆకారం కోసం. పాత బల్లాడ్లు చాలావరకు గోతిక్ అక్షరాల్లో ఉంటాయి, నల్లగా, దట్టంగా, కోణాలు కోణాలుగా. అప్పటి పిల్లలు చదవడం నేర్చుకున్నదే ఆ అక్షరాలతో, అందుకని కాస్తో కూస్తో చదువుకున్నవాడికి అవే అలవాటు. మనం ఇప్పుడు వాడే గుండ్రటి రోమన్ అక్షరాల్లో, బొమ్మ లేకుండా, ఒక్కోసారి పైన సంగీతం గుర్తులతో వచ్చిన కాగితం అయితే అది ఎక్కువగా 1680ల తరవాతి సరుకు, పట్నంలో కాఫీ హౌసుల్లో కూర్చుని వార్తలు చర్చించే బాపతు మనుషుల్ని ఉద్దేశించింది. ఇది గట్టి నియమం కాదు, మొదటి అంచనాకి పనికొస్తుంది. ఇంకో చిన్న విషయం, పాత అచ్చులో పదం మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ అక్షరం అచ్చం ఎఫ్ లాగా కనిపిస్తుంది, మొదటి వారం నవ్వొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

బొమ్మల్ని మాత్రం నమ్మకండి. చెక్క మీద చెక్కిన దిమ్మని అచ్చువేసేవాడు పారేయడు, అరిగేదాకా వాడతాడు. ఒక పాటలో రాజుగా ఉన్నవాడు ఇంకో పాటలో ప్రేమికుడైపోతాడు. బోడ్లియన్ సైట్‌లో ఒకే బొమ్మ ఇంకెక్కడెక్కడ వచ్చిందో వెతికే సదుపాయం ఉంది, పది నిమిషాలు ఆడుకోండి, భలే ఉంటుంది. అయినా బొమ్మ పనికిరానిదని అనను. చదవలేనివాడు గోడ మీద అంటించుకునేది బొమ్మ కోసమే కదా.

ఇక కాగితం అడుగున చివరి లైను. ఎవరి కోసం అచ్చయింది, ఎక్కడ అమ్ముతారు అన్నది అక్కడ ఉంటుంది. కోల్స్, వేర్, రైట్, క్లార్క్ లాంటి పేర్లు వరసగా కనిపిస్తే అది బల్లాడ్ వ్యాపారంలో స్థిరపడిన భాగస్వాముల సరుకు. వీళ్ళ ముందుతరం వాళ్ళు 1624లోనే ఒక జట్టుగా చేరి వందకి పైగా పాటల హక్కులు రిజిస్టర్ చేయించుకున్నారు. థామస్ పాసింజర్ కొట్టు లండన్ బ్రిడ్జి మీద, విలియం థాకరే కొట్టు డక్ లేన్‌లో. ఇలాంటి కొట్ల దగ్గరే తిరుగు వర్తకులు కట్టలు కట్టుకుని గంపలో సూదులు, రిబ్బన్లతో పాటు వేసుకుని ఊళ్ళ మీదకి పోయేవాళ్ళు, అంటే ఆ పాట లండన్‌లో ఆగిపోలేదని మీరు ధైర్యంగా అనుకోవచ్చు. పేరు లేదు, ఊరు లేదు, 'ఫలానా సంవత్సరంలో అచ్చయింది' అని మాత్రమే ఉందంటే జాగ్రత్త పడండి, ఎవరో భయపడుతున్నారు.

ఎందుకు భయమో చెప్పాలంటే 1647 సెప్టెంబరులో పార్లమెంటు తెచ్చిన ఆర్డినెన్స్ చాలు. లైసెన్సు లేకుండా రాసినవాడికి 40 షిల్లింగుల జరిమానా, అచ్చువేసినవాడికి 20, కొట్లో అమ్మినవాడికి 10. వీధిలో తిరిగి అమ్మేవాడికీ పాట పాడేవాడికీ జరిమానా లేదు, సరుకు మొత్తం లాక్కుని దేశదిమ్మరిని కొట్టినట్టు కొరడాతో కొట్టడమే. రాసిన పెద్దమనిషికి డబ్బుతో పోయింది, పాడిన పేదవాడికి వీపు చిట్లింది. నాకైతే పాట ఎవరి ద్వారా జనంలోకి వెళ్ళిందో చెప్పే సాక్ష్యాల్లో ఇంతకంటే స్పష్టమైనది కనబడలేదు. ప్రభుత్వానికి భయం కాగితం అంటే కాదు, గొంతు అంటే.

విన్నవాళ్ళ గురించి తెలుసుకోవడానికి పాటల్లో వెతక్కండి, పాటల్ని తిట్టినవాళ్ళ దగ్గర వెతకండి. ఇదే ఈ పనిలో అసలు కిటుకు. మామూలు జనం తమ గురించి రాసుకోలేదు, వాళ్ళని చూసి చిరాకుపడ్డవాళ్ళు రాశారు. నికొలస్ బౌండ్ అనే పాదిరి 1595లో వాపోయాడు, చేతిపనివాళ్ళ దుకాణాల్లో, పేద రైతుల గుడిసెల్లో బైబిలు కీర్తనలకంటే ముందు ఈ కొత్త బల్లాడ్లే కనబడతాయట, ఇంట్లో ఒక్కడికీ చదవడం రాకపోయినా గోడకి అంటించుకుంటారట, అవకాశం దొరికినప్పుడు నేర్చుకోవచ్చని. ఆయన తిట్టాడు, మనకి బంగారం దొరికింది. ఎవరో చదవగలిగినవాడు ఇంటికొస్తే చదివించుకుంటారు, పాడించుకుంటారు, కాగితం అక్కడ ఆ రోజు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

అక్షరాస్యత లెక్కలు వేసేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి. 1640ల మొదట్లో ఊరూరా మగవాళ్ళ చేత ప్రమాణపత్రాల మీద సంతకాలు పెట్టించారు, ఇంచుమించు 70 శాతం మంది సంతకం చేయలేక గుర్తు పెట్టారని చరిత్రకారులు లెక్కకట్టారు. లండన్‌లో పరిస్థితి మెరుగు. ఆడవాళ్ళలో సంతకం చేయగలిగినవాళ్ళు ఇంకా తక్కువ. అయితే అప్పట్లో ముందు చదవడం నేర్పి తర్వాతెప్పుడో రాయడం నేర్పేవాళ్ళు, కాబట్టి సంతకం రానివాళ్ళలో చదవగలిగినవాళ్ళు చాలామంది ఉండి ఉండాలి. పైగా పాటకి పాఠకుడు ఒక్కడు చాలు, శ్రోతలు యాభైమంది ఉంటారు. కాపీల సంఖ్య కూడా చూసుకోండి. 16వ శతాబ్దం రెండో సగంలో సుమారు 3,000 వేర్వేరు బల్లాడ్లు వచ్చాయని అంచనా, ఒక్కోటి 200 కాపీలే వేశారనుకున్నా 6 లక్షల కాగితాలు, నిజానికి వెయ్యి దాకా వేసి ఉంటారు కాబట్టి ఆ అంకె ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

థామస్ డెలోనీ కథ కూడా తిట్టినవాళ్ళ దగ్గరే దొరుకుతుంది. 1596లో పంటలు పోయి ధాన్యం ధర మండిపోతున్నప్పుడు ధాన్యం కరువు మీద పాట రాశాడు, అందులో ఎలిజబెత్ రాణి తన ప్రజలతో మాట్లాడుతున్నట్టు పెట్టాడు. రాణి నోట మాటలు పెట్టడం మర్యాద తప్పడమే కాక పేదల్లో అసంతృప్తి రేపుతుందని లండన్ మేయర్ మండిపడ్డాడు. పాలకులు ఏ పాటకి ఉలిక్కిపడ్డారో చూస్తే విన్నవాళ్ళు ఎవరని వాళ్ళు అనుకున్నారో తెలుస్తుంది. అయితే వాళ్ళు అనుకున్నంత మాత్రాన అదే నిజం అయిపోదు, ఈ తేడా ప్రతిచోటా పట్టుకోవాలి.

కోర్టు రికార్డులు ఇంకా రుచిగా ఉంటాయి, ఇంకా ప్రమాదకరంగానూ ఉంటాయి. స్టీఫెన్ కాలేజ్ అని లండన్‌లో ఒక వడ్రంగి. 1681 మార్చిలో రెండో చార్లెస్ రాజు పార్లమెంటుని లండన్‌లో కాకుండా ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చోబెట్టాడు, ఆ సందర్భంలో వచ్చిన బొమ్మల పాటకి ఇతనే కర్త అన్నారు. మన తిరునాళ్ళలో కాశీపట్నం చూపించే పెట్టెవాడు ఉండేవాడు చూడండి, పాటలో రాజు సరిగ్గా అలాంటివాడు, పార్లమెంటుని పెట్టెలో వేసి వీపున మోసుకుని ఊరూరా తిప్పుతుంటాడు. లండన్ జ్యూరీ ముందు కేసు నిలబడలేదు, అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌కి మార్చి విచారించి ఆగస్టు 31న ఉరితీశారు. రాజద్రోహం కేసు అది, పాట ఒక్కటే నేరం కాదు, కానీ సాక్ష్యంగా పాట కోర్టు దాకా వచ్చింది. ఇతను బొమ్మలు చూపించి ఎవరెవరో విడమరిచి చెప్పాడనీ పాడాడనీ సాక్షులు చెప్పారు. ఆ సాక్షుల్లో కొందరు అంతకుముందు కాథలిక్కుల మీద కేసుల్లో సాక్ష్యం చెప్పి తర్వాత పక్షం మార్చినవాళ్ళు, కాబట్టి ఇతను నిజంగా ఏం పాడాడో అన్నది అలా ఉంచండి. బొమ్మల పాటని ఇలా చూపించి, వివరించి, పాడి పంచుకుంటారు అన్నది మాత్రం కోర్టులో ఎవరికీ వింతగా అనిపించలేదు. మీకు కావలసింది అదే.

ఇప్పుడు అందరూ ఎత్తిచూపే ఉదాహరణ, 'లిల్లిబులేరో'. పేరు వినలేదనుకుంటున్నారేమో, ఇంట్లో షార్ట్‌వేవ్ రేడియో ఉన్నవాళ్ళు దీని వరస వినే ఉంటారు, బీబీసీ వరల్డ్ సర్వీసు వార్తల ముందు ఏళ్ళతరబడి వేసిన ట్యూన్ ఇదే. 1687లో రెండో జేమ్స్ రాజు కాథలిక్ అయిన టిర్‌కొనెల్‌ని ఐర్లండ్ మీద డిప్యూటీగా, అంటే తన ప్రతినిధిగా పెట్టాడు, పాట దాని మీద ఎగతాళి. 1688 నవంబరులో జేమ్స్ అల్లుడే అయిన ప్రొటెస్టెంట్ విలియం, అతని మీదకి హాలండ్ నుంచి సైన్యంతో దిగేసరికి, బర్నెట్ అనే బిషప్ రాసినదాన్ని బట్టి, సైన్యం మొత్తం, తర్వాత పట్నంలో పల్లెలో జనం అంతా ఎడతెగకుండా ఇదే పాడారట, ఇంత చిన్న వస్తువు ఇంత పని చేయడం ఎప్పుడూ చూడలేదన్నాడు. పాట తనదేనని చెప్పుకున్న థామస్ వార్టన్ అయితే ఒక రాజుని మూడు రాజ్యాల నుంచి పాడి వెళ్ళగొట్టానని గొప్పలు పోయాడు.

ఇక్కడే చాలామంది పడిపోతారు. వార్టన్ రాజకీయ నాయకుడు, గొప్పలు చెప్పుకోవడం వాళ్ళ వృత్తిలో భాగం. బర్నెట్ గెలిచిన పక్షం మనిషి, విలియంతో కలిసి ఓడ దిగినవాడు. డిసెంబరులో జేమ్స్ పారిపోవడానికి సైన్యాధికారులు ఫిరాయించడం, డచ్చి దళాలు లాంటి బరువైన కారణాలున్నాయి. పాట గాలి ఎటు వీస్తోందో చూపించింది తప్ప గాలిని పుట్టించలేదు. పైగా ఆ పాట ఎవరి నోటితో ఉందో చూడండి. ఒక ఐరిష్ కాథలిక్ తన సోదరుడితో, మనకి కొత్త డిప్యూటీ వచ్చాడు, ఇక ఇంగ్లీషువాళ్ళ గొంతులు కోసేద్దాం అని సంబరపడుతుంటాడు, అదీ యాస వెక్కిరిస్తూ. అంటే పాడేవాడు శత్రువు వేషం వేసుకుని పాడుతున్నాడు. వీధినాటకంలో విలన్ వేషం కట్టినవాడికి వచ్చే హుషారు దీంట్లో ఉంది, ఒక జాతిని మొత్తంగా హీనపరిచే విషమూ ఉంది, రెండూ ఒకే పల్లవిలో. పాడిన సిపాయి రాజకీయం అర్థమై పాడాడా, యాస భలే ఉందని పాడాడా? కాగితం చెప్పదు. 'పాడారు' అని రాసుకోండి, 'నమ్మారు' అని రాయకండి.

మిగిలిన కాగితాల సంగతి కూడా కాస్త. బల్లాడ్ కాగితం చదివాక పొట్లాలకీ మరుగుదొడ్డికీ పోయేది, మనదాకా వచ్చినవి ఎవరో పెద్దమనిషి దాచుకున్నవి. డైరీ రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ పీప్స్ దాచినవి 1,800కి పైగా, కేంబ్రిడ్జి మాగ్డలెన్ కాలేజీలో 5 సంపుటాల్లో ఉన్నాయి. జార్జ్ థామసన్ అనే పుస్తకాల వ్యాపారి 1640 నుంచి 1661 దాకా తనకి దొరికిన ప్రతి అచ్చు కాగితం కొని పెట్టుకున్నాడు, 22,000 పైచిలుకు. మన దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లీషువాళ్ళు చెన్నపట్నం స్థలం పుచ్చుకున్న మరుసటేడు మొదలుపెట్టాడన్నమాట. ఈయన చాలా కాగితాల మీద తనకి చేరిన తేదీ చేత్తో రాశాడు, ఆ తేదీ మీకు వరప్రసాదం. క్రిస్మస్ పాటకి నెల పట్టుకోగలిగింది అలాగే. ఇంకోటి, అన్నిటికంటే ఘాటైన రాజకీయ పాటలు అసలు అచ్చవలేదు, చేతిరాతలో చేతులు మారాయి. అచ్చులో దొరికిన పాట మెత్తగా ఉందంటే జనం మెత్తగా ఉన్నారని కాదు.

ఒక్కో పాటకి నేను ఒక పేజీ పెడతాను. వరస ఏది, ఆ వరసకి ముందు చరిత్ర ఏమిటి, అక్షరాలెలా ఉన్నాయి, కింద ఎవరి పేరుంది లేక ఎందుకు లేదు, దాచినవాడెవడు, దీన్ని తిట్టినవాడెవడైనా ఉన్నాడా. సారాంశం అన్నిటికంటే చివర రాస్తాను, చాలాసార్లు మొదట అనుకున్నదానికీ దానికీ పొంతన ఉండదు. మొదటి కాగితంగా ఆ 1646 క్రిస్మస్ పాటే తీసుకోండి, చిన్నది, భాష మరీ కష్టం కాదు. పార్కర్ పాట నాలుగైదు సార్లు విని వరస నోటికొచ్చాక, క్రిస్మస్ పాటని మొదటి చరణం నుంచి పైకి పాడండి. గొంతు బాగుండక్కర్లేదు, లండన్ వీధుల్లో పాడినవాళ్ళ గొంతులూ ఏమంత బాగుండేవి కావట.